శేషగిరిగారూ బొడ్డుతాడు పెట్టే

శేషగిరిగారు ఏ వస్తువునూ ఎవరి చేతా పంపరు. ఊరగాయ జాడీ అయినా, ఉత్తరమైనా, ఆఖరికి ఒక చిన్న కబురైనా సరే, తానే మోసుకువెళ్ళి అవతలివాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు దాన్ని లోపల భద్రంగా పెట్టుకునేదాకా గుమ్మంలో నిలబడి చూడాలి. అప్పుడు గానీ ఆయనకు అన్నం సహించదు. మిగతా అన్ని విషయాల్లో ఆయన బంగారంలాంటి మనిషి. రేపల్లెలో ఎవర్ని అడిగినా ఆ మాటే చెబుతారు, చెప్పి ఒక నిట్టూర్పు కూడా విడుస్తారు.

పోస్టు డబ్బాలో ఉత్తరం వేస్తే మన పని అయిపోయినట్టే. శేషగిరిగారికి అక్కడే మొదలవుతుంది. డబ్బా తాళం తీసే మనిషి వచ్చేదాకా గొడుగు వేసుకుని నిలబడతారు. "అడుగున గోధుమరంగు కవరు ఉంటుంది నాయనా, మడత పడనివ్వకు" అని చెప్పి, అతని వెనకే పోస్టాఫీసుకు నడిచి, సంచి రైలెక్కాక ఇంటికొస్తారు. ఒకసారి పోస్టాఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా ఈయన్ని తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి అనుకుని లేచి కుర్చీ వేశాడు. ఈయన కూర్చున్నారు కూడా.

మేనకోడలి పెళ్ళికి శుభలేఖలు పంచే పని ఆయన నెత్తిన పడింది. పోస్టులో వేస్తే తీరిపోయేది. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, బొట్టు పెట్టించి, చేతికిచ్చి, చదివి వినిపించి మరీ వచ్చారు. చెరుకుపల్లిలో చివరి శుభలేఖ అందేసరికి పెళ్ళికూతురికి ఏడో నెల. ఆ ఇంటివాళ్ళు కానుక తీసుకుని సీమంతానికి వెళ్ళారు.

ఈ అలవాటు వల్ల అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు ఆయన అల్లుడు విజయసారథి. తెనాలి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలోనే మామగారికి ఒకటి కొనిచ్చాడు. ఆయన దాన్ని ఎవరో ఇచ్చిన నగలాగా బీరువాలో దాచారు. ఫోన్లో చెప్పాల్సిన మాటలన్నీ రైలెక్కి వచ్చి చెప్పేవారు.

"ఏంటి మామయ్యగారూ, ఇంత ఎండలో వచ్చారు?"

"ఏం లేదు అల్లుడుగారూ. రేపు మీ ఇంటికి వస్తున్నాను. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

"రేపు వస్తానని చెప్పడానికి ఇవాళ వచ్చారా?"

"చెప్పాపెట్టకుండా ఊడిపడితే మీకు ఇబ్బంది కదండీ!"

గ్లాసుడు మజ్జిగ తాగి, మళ్ళీ స్టేషనుకు బయలుదేరేవారు. మర్నాడు చెప్పిన టైముకి చక్కగా వచ్చేవారు. నెలకోసారి ఈ తంతు తప్పేది కాదు. విజయసారథి తల కొట్టుకునేవాడు. "నాన్న సంగతి తెలిసిందే కదా, ఊరుకోండి" అని భార్య వాగ్దేవి నవ్వేసేది.

నవ్వడానికి ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ సందర్భాలు ఉండేవి కావు. వాళ్ళ పాప మేధకి ఐదేళ్ళు. తలసీమియా. ఒంట్లో రక్తం నిలబడదు. నెలనెలా తెనాలి ఆస్పత్రిలో రక్తం ఎక్కించాలి. నెలాఖరుకి పిల్ల మొహం తెల్లగా పాలిపోయి, మెట్లెక్కడానికి కూడా ఎత్తుకోమనేది. పైగా ఓ నెగెటివ్ గ్రూపు, అడిగిన వెంటనే దొరికేది కాదు. "బ్లడ్ బ్యాంకులో మీ మామగారికి తెలిసినాయన ఉన్నాడు బాబూ. ఆ సంగతి మాకు వదిలెయ్యండి" అని అత్తగారు భ్రమరాంబగారు చెప్పారు. నిజంగానే ప్రతి నెలా వేళకి సీసా సిద్ధంగా ఉండేది. విజయసారథి ఆ తెలిసినాయనకి మనసులోనే దణ్ణాలు పెట్టుకునేవాడు.

రెండు వేల ఏడులో వాగ్దేవికి మళ్ళీ నెల తప్పింది. బిడ్డకి ఆ జబ్బు రాలేదని పరీక్షల్లో తేలింది. అప్పుడే పెద్ద డాక్టరొకాయన ఒక మాట చెప్పాడు. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో మిగిలే రక్తాన్ని పారెయ్యకుండా పట్టి దాచాలి. అందులో కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయి. అక్కకీ బిడ్డకీ సరిపోయే అవకాశం నాలుగోవంతు మాత్రమే. సరిపోతే మాత్రం మేధకి ఈ నెలనెలా గండం తప్పొచ్చు. దాచే బ్యాంకు చెన్నైలో ఉంది. వాళ్ళు ముందుగానే ఒక తెల్ల పెట్టె పంపుతారు. అందులో రక్తం పట్టే ప్రత్యేకమైన సంచి ఉంటుంది. అది లేకపోతే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేరు. బొడ్డు కోశాక చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. పట్టిన రక్తం మర్నాటి రాత్రిలోగా చెన్నై చేరాలి.

ఆ పెట్టె వచ్చింది. పురిటికి వాగ్దేవి రేపల్లెలో పుట్టింట్లో ఉంది, మేధ కూడా అక్కడే. విజయసారథి పెట్టెని తీసుకెళ్ళి మామగారి చేతికిచ్చాడు. జీవితంలో అంతకంటే పెద్ద పొరపాటు అతను చెయ్యలేదు.

"బీరువాలో పెట్టండి మామయ్యగారూ. నొప్పులు రాగానే ఆస్పత్రికి పట్టుకెళ్తే చాలు."

"బీరువాని నమ్మి పెట్టమంటారా?"

"బీరువా ఎక్కడికి పోతుందండీ?"

"బీరువా పోదు. లోపలిది పోతుంది."

ఆ రోజు నుంచి పెట్టె ఆయన భుజం దిగలేదు. గుడికి పెట్టెతో, కూరల బజారుకి పెట్టెతో, క్షవరానికి కూడా పెట్టెతోనే. "ఐస్‌ఫ్రూటా పంతులుగారూ, ఒకటివ్వండి" అని పిల్లలు వెంటపడేవారు. మేధ మాత్రం తాతయ్య పక్కన నడుస్తూ, "కాదు, ఇందులో మా తమ్ముడి సామాను ఉంది" అని గర్వంగా చెప్పేది. తమ్ముడే పుడతాడని దాని నమ్మకం.

పురుడు ఇంకా మూడు వారాలుందనగా, ఒకరోజు పొద్దున్నే విజయసారథి కాలేజీకి బయలుదేరుతుంటే ఫోను మోగింది. అత్తగారు.

"బాబూ, అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకొచ్చాం. డాక్టరు సామ్రాజ్యంగారు ఇవాళే అయిపోతుందంటున్నారు."

"ఇవాళా! సరే, వస్తున్నా. పెట్టె ఆస్పత్రికి తెచ్చారా?"

అవతల అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"అత్తయ్యగారూ, పెట్టె?"

"మీ మామగారు తెల్లవారుజామునే బాపట్ల వెళ్ళారు బాబూ."

"ఆయన వెళ్తే వెళ్ళారు. పెట్టె?"

"అదీ వెళ్ళింది."

బాపట్ల ఒక మూల, రేపల్లె ఒక మూల. మామగారి ఫోను బీరువాలో ఉంది. బాపట్లలో ఎక్కడికి వెళ్ళారంటే అత్తగారు నీళ్ళు నమిలి, "వాళ్ళ నంబరు నా దగ్గర లేదు బాబూ. ఎవరికో ఏదో ఇవ్వాలన్నారు" అన్నారు. ఎవరికో ఏదో! ఆ మనిషి ఒక గొడుగు తిరిగి ఇవ్వడానికి కూడా బాపట్ల వెళ్ళగలడు. ఆ గొడుగు కోసం తన కూతురికి ఉన్న ఒకే ఒక్క దారి మూసుకుపోతోంది.

మోటార్‌సైకిలు తీసి పొన్నూరు మీదుగా ఎలా నడిపాడో అతనికే తెలియదు. దారిలో మళ్ళీ ఫోను. ఈసారి డాక్టరుగారు.

"విజయసారథిగారూ, రెండో కాన్పు కదండీ, ఎక్కువసేపు ఆగదు. సంచి వస్తే పట్టిస్తాను. రాకపోతే బిడ్డని ఆపలేను."

"తెస్తానండి. ఎలాగైనా తెస్తాను."

ఫోను మేధ లాక్కుంది. "నాన్నా, తాతయ్య పెట్టె తెచ్చేదాకా బయటికి రావద్దని తమ్ముడికి చెప్పాను."

"మంచి పని చేశావమ్మా" అన్నాడు. బండి మళ్ళీ స్టార్టు చేశాడు.

బాపట్ల స్టేషను ముందు ఆటోవాళ్ళని అడిగాడు. "పంచె కట్టుకుని, గొడుగూ తెల్ల పెట్టే పట్టుకున్న పెద్దాయన కనిపించారా?"

"కనిపించకేం సార్! నా ఆటోనే ఎక్కాడు" అన్నాడొకడు కోపంగా. "పెట్టెని వెనక పెట్టమన్నా. దానిక్కూడా సీటు కావాలన్నాడు. వేరే బేరం ఎక్కించుకుంటానంటే దిగి నడిచెళ్ళిపోయాడు."

"ఎటు వెళ్ళారు?"

"సూర్యలంక రోడ్డు పట్టాడు సార్."

సూర్యలంక రోడ్డులో కొబ్బరిబోండాల మనిషి చెప్పాడు. "ఆ పెద్దాయనా? గొడుగు పెట్టెకి పట్టి, ఆయన ఎండలో పోతన్నాడండి. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అదిగో, పల్లెకారుల ఇళ్ళకేసి తిరిగాడు."

సముద్రం పక్కన చేపలు పట్టేవాళ్ళ వాడ. ఆరేసిన వలలు, ఎండు చేపల వాసన. సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరయిన మామగారికి ఇక్కడేం పనో విజయసారథికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ఒక పెంకుటింటి అరుగు మీద శేషగిరిగారు ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా చేపల వ్యాపారం చేసే గంగరత్నం, ఆమె కొడుకు నాగశివ. ముప్పై ఏళ్ళవాడు, సొంత వ్యాను నడుపుతాడు.

"మామయ్యగారూ! వాగ్దేవికి నొప్పులొచ్చాయి!"

శేషగిరిగారు లేచి నిలబడ్డారు. "ఇంకా మూడు వారాలుంది కదండీ?"

"ఉంది! బీరువాలో పెట్టమని చెప్పానా? చెప్పానా లేదా? మీ పాడు అలవాటు నా కూతురి ప్రాణం మీదికి తెచ్చింది. ఎవరికో ఏదో ఇవ్వడానికి ఇవాళే రావాలా? ఒక్క ఫోను చేస్తే తీరిపోయే పని కాదా?"

పెళ్ళయినప్పటి నుంచీ మామగారి ముందు అతను గొంతు పెంచింది లేదు. శేషగిరిగారు పెట్టెని ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నారు. గంగరత్నానికి మాత్రం రోషం వచ్చింది.

"ఏంటి బాబూ, ఆ మాటలు? ఆయన ఎందుకొచ్చారో తెలిస్తే..."

"గంగరత్నమ్మా!" అన్నారు శేషగిరిగారు. ఆమె నోరు మూసుకుంది. వెంటనే కొడుకు మీదికి తిరిగింది. "చూస్తావేంట్రా? వ్యాను తియ్యి! మోటార్‌సైకిలు మీద ఆ ముసలాయన్నీ పెట్టెనీ ఎక్కించుకుని ఈ బాబు ఏ కాలవలో పడేస్తాడో!"

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కున్నారు. పొద్దున సరుకు దింపి వచ్చిన వ్యాను, వాసనకి విజయసారథి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. శేషగిరిగారు మాత్రం బిగుసుకుపోయిన తలుపుని ఒక గుద్దు గుద్ది, గడియ పైకి లాగి, ఒక్కసారికే వేసేశారు. ఆ కిటుకు ఆయనకెలా తెలుసో అడిగే స్థితిలో అల్లుడు లేడు.

కర్లపాలెం దాటారు. చందోలు దాటారు. గుంత వచ్చినప్పుడల్లా శేషగిరిగారు పెట్టెని రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకునేవారు. ఆయన తల మాత్రం వ్యాను పైకప్పుకి ఠంగుమని కొట్టుకునేది.

"కాసేపు నాకివ్వండి మామయ్యగారూ."

"వద్దు."

"మీ తల బొప్పి కట్టింది."

"తలకేమవుతుంది? పాతదే కదా."

చెరుకుపల్లి దగ్గర గడ్డిలోడు ట్రాక్టరు రోడ్డుకడ్డంగా ఒరిగిపోయి ఉంది. అటు బస్సు, ఇటు లారీ. అందరూ దిగి సలహాలు చెబుతున్నారు. ఫోను మోగింది. అత్తగారు. "బాబూ, లోపలికి తీసుకెళ్ళారు. ఎంత దూరంలో ఉన్నారు?"

"చెరుకుపల్లి" అని విజయసారథి ఫోను పెట్టేశాడు. నాగశివ ఒకసారి ట్రాక్టరుని చూశాడు, ఒకసారి పక్కనున్న కాలవగట్టుని చూశాడు. "గట్టిగా పట్టుకోండి పంతులుగారూ" అని వ్యానుని గట్టు మీదికి ఎక్కించాడు. అది బండ్లు పోయే దారి కాదు. ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం దాదాపు నీళ్ళ మీద. శేషగిరిగారు కళ్ళు మూసుకుని పైకే శ్లోకం అందుకున్నారు. మధ్యలో ఆపి, "నెమ్మదిగా నాయనా" అని, మళ్ళీ "తొందరగా" అన్నారు. చివరికి వ్యాను గట్టు దిగి రోడ్డెక్కింది.

ఆస్పత్రిలో పురిటిగది తలుపు కొంచెం తెరుచుకుని నర్సు చెయ్యి బయటికొచ్చింది. "పెట్టె! పెట్టె ఇటివ్వండి, త్వరగా!"

శేషగిరిగారు పెట్టె వదల్లేదు. "నీ పేరేంటమ్మా?"

"అయ్యో, పేరెందుకండీ!"

"ఎవరి చేతిలో పెడుతున్నానో తెలియాలి కదమ్మా?"

"దుర్గాంబ! నా పేరు దుర్గాంబ! బిడ్డ తల కనిపిస్తోందండీ!" అని ఆమె దాదాపు ఏడిచింది. విజయసారథి మామగారి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి పెట్టెని లోపలికి తోశాడు. తలుపు పడింది. శేషగిరిగారు ఆ తలుపుకే మొహం ఆనించి నిలబడ్డారు.

ఎంతసేపయిందో తెలియదు. లోపల ఒక కొత్త గొంతు కేర్‌మంది. మేధ చప్పట్లు కొట్టింది. ఎవరూ నవ్వలేదు. కేక వినిపించడం కాదు, ఆ తర్వాత జరగాల్సిందే అసలైంది. చివరికి డాక్టరు సామ్రాజ్యంగారు బయటికొచ్చారు. "మగపిల్లాడు. తల్లీ పిల్లాడూ బాగున్నారు. సంచి కూడా చక్కగా నిండింది" అన్నారు. భ్రమరాంబగారు అక్కడే బెంచీ మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

లోపలికెళ్ళి బిడ్డని చూసి విజయసారథి బయటికొచ్చేసరికి వ్యాను వెనక నాగశివ పెద్ద డబ్బాలో ఐసు కొడుతున్నాడు. నర్సు తెచ్చి ఇచ్చిన రక్తం పెట్టె మూత తీసి ఉంది. శేషగిరిగారు పక్కనే నిలబడి, "ఇంకో రెండు గడ్డలు వెయ్యి నాయనా" అని పర్యవేక్షిస్తున్నారు.

"ఏంటిది? ఏం చేస్తున్నారు?"

"ఐసు లేకపోతే చెడిపోదాండీ?" అన్నాడు నాగశివ. "మా చేప మద్రాసు దాకా చెక్కుచెదరకుండా పోతాది. చిన్నబాబు నెత్తురు చెడనిస్తామా?"

డాక్టరుగారు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. "ఆపండి! ఐసు తగిలితే గడ్డకట్టి కణాలన్నీ చచ్చిపోతాయి! చల్లగా ఉండాల్సినంత ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉంది. మూత వెయ్యండి!" సంచి ఇంకా పెట్టెలోనే ఉంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే డబ్బాలోకి పోయేది. నాగశివ చేతిలో సుత్తి కింద పడేసి, చేతులు వెనక్కి దాచుకున్నాడు. శేషగిరిగారు మూత బిగించి, అది తన ప్రాణమన్నట్టు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కారు.

రేపల్లెకి కొరియరు లేదు. సాయంత్రం తెనాలి స్టేషను దగ్గర కొరియరు మనిషి పెట్టె తీసుకునేలా విజయసారథి ముందే మాట్లాడి పెట్టాడు. తెనాలి వచ్చాక నాగశివ స్టేషనుకి పోకుండా ఆస్పత్రి వీధిలోకి తిప్పి, బ్లడ్ బ్యాంకు ముందు ఆపాడు.

"ఇక్కడెందుకు? కొరియరు మనిషి ఎదురు చూస్తుంటాడు."

"ముందు నా పని కానివ్వండి బాబూ. మళ్ళీ పంతులుగారు నా కోసం ఇంకోసారి రావాలి."

"నీ పనేంటి?"

నాగశివ శేషగిరిగారి వైపు చూశాడు. ఆయన గబగబా దిగి, "నేను బత్తాయి రసం తెస్తాను" అని పెట్టెతో సహా వెళ్ళిపోయారు. నాగశివ లోపలికెళ్ళి, అలవాటైనవాడిలా మంచమెక్కి చెయ్యి చాపాడు. "పాపకి ఈ నెల వంతు నాదండి" అన్నాడు.

"వంతేంటి?" అన్నాడు విజయసారథి.

"మూడు నెలలకోసారే ఇవ్వాలంట కదండీ. అందుకని మా అన్నదమ్ములం, మా మేనమామ వంతులేసుకున్నాం. మా ఇంట్లో అందరిదీ అదే గ్రూపు. నాకు బాపట్ల బళ్ళో పంతులుగారు పాఠాలు చెప్పారు లెండి. మొదటిసారి మా ఇంటికొచ్చి అరుగు మీద కూచుని, సముద్రం గురించి అడిగారు, వలల గురించి అడిగారు, మధ్యాన్నం దాకా అసలు సంగతి చెప్పలేకపోయారు. చివరికి మా అమ్మే, 'ఏం కావాలో చెప్పండయ్యా' అంది. ఫోను చేస్తే మేమే వస్తాం కదండీ అని ప్రతిసారీ చెప్తాం. 'నెత్తురు ఫోన్లో అడుగుతారట్రా?' అని కేకలేస్తారు. ఆయనే వస్తారు, ఇక్కడికి తీసుకొస్తారు, మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి అప్పజెప్పి, నేను అన్నం తిన్నాక లేస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారండి. తండ్రికి తెలిస్తే వచ్చే నెల దొరుకుతుందో లేదో అని నెలంతా నిద్రపోడు, ఆ నిద్రపోకపోవడమేదో నేను చూసుకుంటాలే అన్నారు."

ఎర్రటి ఎండలో వచ్చి, "రేపు మీ ఇంటికి వస్తున్నాను" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయిన మామగారు విజయసారథి కళ్ళముందు కనబడ్డారు. ఆ రోజుల్లో ఆయన తెనాలి వచ్చింది కబురు చెప్పడానికి కాదు. ఎవరో ఒక మనిషిని ఇదే మంచం మీద పడుకోబెట్టి, రక్తం తీసేలోపు మనవరాలిని ఒకసారి చూసి పోవడానికి. బ్లడ్ బ్యాంకులో తెలిసినాయన ఎవరూ లేడు. పొద్దున అరుగు ముందు తను అరిచిన అరుపులు గుర్తొచ్చి అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మామగారు రసం తెచ్చాక ఆ గ్లాసు తనే అందుకుని నాగశివకి ఇచ్చాడు.

"నెత్తురిచ్చినవాడు స్టీరింగు పట్టుకోకూడదు" అని శేషగిరిగారు వ్యానుని తెనాలిలోనే ఉంచేయించారు. నాగశివకి బాపట్ల టిక్కెట్టు కొని, తనకూ ఒకటి కొన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, తన కోసం ఇంకోటి, చెన్నైకి కూడా కొన్నారు. ఆ రెండిట్లో ఏది వాడాలో ఆయనకే తేలలేదు.

ప్లాట్‌ఫారం మీద కొరియరు మనిషి జనార్దనరావు కాగితం తీశాడు. "ఇవ్వండి సార్."

"మీరెక్కడ దాకా తీసుకెళ్తారు?" అన్నాడు విజయసారథి.

"విజయవాడ ఆఫీసు దాకండి. అక్కడి నుంచి వేరే ఆయన."

"ఆయన పేరేంటి?"

"పేరా? నాకెలా తెలుస్తుందండీ?"

"పోనీ, రాత్రికి పెట్టెని ఎక్కడ పెడతారు? నేల మీదా, బల్ల మీదా?"

జనార్దనరావు అతన్ని వింతగా చూశాడు. విజయసారథికే తన గొంతు తనది కాదనిపించింది. పక్కన మామగారు మెచ్చుకుంటున్నట్టు తలాడిస్తున్నారు. "ఏమీ అనుకోకండి, మేమే తీసుకెళ్తాం" అని చెప్పి, అప్పుడే వచ్చిన మద్రాసు రైలెక్కేశాడు. పెట్టె పట్టుకుని మామగారు, వెనక నాగశివ ఎక్కారు. జనరల్ బోగీ కిటకిటలాడుతోంది. కానీ ముగ్గురి బట్టల మీదా చేపల వాసన ఉండటంతో జనం తామే సర్దుకుని చోటిచ్చారు.

నిడుబ్రోలు దాటింది. అప్పికట్ల దాటింది. శేషగిరిగారి ఒళ్ళో పెట్టె, పక్కన కిటికీకి తల ఆనించిన నాగశివ. ఆయన చూపు పెట్టె మీది నుంచి నాగశివ మీదికి, నాగశివ మీది నుంచి పెట్టె మీదికి తిరుగుతోంది. ఇన్నేళ్ళలో ఒకేసారి రెండు ఆయన చేతిలో పడటం ఇదే మొదలు. బాపట్లలో రైలు ఆగింది.

"నేను పోతాలెండి పంతులుగారూ. ఇల్లిక్కడే కదా" అని నాగశివ లేచాడు. లేచీ లేవగానే పై బెర్తు ఊచ పట్టుకున్నాడు.

శేషగిరిగారు కూడా లేచారు. చెన్నై టిక్కెట్టు అల్లుడి జేబులో పెట్టి, పెట్టెని అతని ఒళ్ళో పెట్టారు. పెట్టారు గానీ చేతులు వెంటనే తియ్యలేదు.

"కింద పెట్టకండి అల్లుడుగారూ. పైన అసలే పెట్టొద్దు."

"మీరు చెన్నై దాకా రారా మామయ్యగారూ?"

"వీణ్ణి ఇంటి నుంచి తెచ్చింది నేను. వాళ్ళావిడకి అప్పజెప్పాలి." గార్డు ఈల వేశాడు. ఆయన చేతులు తీసేశారు. "పెట్టెకి మీరున్నారు. వీడికి ఇవాళ నేనే కదండీ ఉంది."

దిగిపోయారు. రైలు కదులుతుంటే కిటికీలోంచి విజయసారథికి కనిపించారు. ఒక చేత్తో నాగశివ రెక్క పట్టుకుని, రెండో చేత్తో అతనికి గొడుగు పట్టి, నెమ్మదిగా నడిపించుకుపోతున్నారు. ఎండ ఎప్పుడో పోయింది. గొడుగు మాత్రం ఉంది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. విజయసారథి చెన్నై దాకా ఆ పెట్టెని ఒళ్ళోంచి దించలేదు, మంచినీళ్ళకి కూడా లేవలేదు.

రక్తం వేళకి చేరింది, భద్రంగా దాచారు. రెండు నెలల తర్వాత పరీక్షల ఫలితం తెనాలికి వచ్చింది. తమ్ముడిది అక్కకి సరిపోయింది. ఇంకా చాలా వైద్యం ఉందనీ, తొందరపడకూడదనీ డాక్టర్లు చెప్పారు. కానీ దారి దొరికింది. విజయసారథి ఫోను చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. వాగ్దేవికి మాత్రం చెప్పి, మొదటి రైలుకి బాపట్ల వెళ్ళాడు.

గంగరత్నం ఇంటి అరుగు మీద శేషగిరిగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆ నెల వంతు వాళ్ళ మేనమామది. అల్లుణ్ణి చూసి ఆయన కంగారుగా లేచారు.

"సరిపోయింది మామయ్యగారూ. సరిపోయిందమ్మా" అన్నాడు విజయసారథి ఇద్దరికీ ఒకేసారి.

శేషగిరిగారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. తర్వాత చెమటతో తడిసిన అల్లుడి చొక్కా కేసి చూసి మందలించారు.

"ఈ ఒక్క మాట చెప్పడానికి ఇంత ఎండలో వచ్చారా అల్లుడుగారూ? గంగరత్నమ్మ దగ్గర ఫోనుంది కదా!"

గంగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, రేపల్లెలో పాప అమ్మమ్మగారికి కూడా చెప్పాలి కదా అని, వ్యాను తియ్యమని కొడుకుని కేకేసింది.